అడవిదారిలో గుర్రం ఎక్కడుంది?

వంద మైళ్ల గుర్రాల పరుగులో అక్కరకొచ్చిన ఒక రేడియో ఆలోచన కార్లెక్కింది, కొండలెక్కింది, చివరికి మన శ్రీహరికోట నుంచి అంతరిక్షానికీ వెళ్లింది. దాన్ని కన్న బాబ్ బ్రునింగా యథార్థ గాథ ఇది.

1984. అమెరికాలో వంద మైళ్ల గుర్రాల పరుగు. మన లెక్కలో 160 కిలోమీటర్లు. ఇది రేస్‌కోర్సులో చుట్లు కొట్టే పందెం కాదు. అడవులు, వాగులు, రాళ్ల దారులు దాటుకుంటూ పోవాలి. ఇలాంటి పరుగుల్లో తెల్లవారకముందే బయల్దేరిన గుర్రాలు గమ్యం చేరేసరికి పొద్దుగూకుతుంది. వెనకబడ్డవాటికి అర్ధరాత్రి దాటుతుంది. గడువు 24 గంటలు.

దారిలో అక్కడక్కడా మజిలీలు ఉంటాయి. గుర్రం ఆగగానే పశువైద్యుడు నాడి చూస్తాడు. పెదవి పైకెత్తి చిగుళ్ల మీద వేలితో నొక్కుతాడు. తెల్లబడిన చోటు మళ్లీ ఎర్రబడటానికి ఎంతసేపు పట్టిందో గమనిస్తాడు. పట్టాల్సినదానికంటే ఎక్కువసేపు పట్టిందంటే గుర్రం సొమ్మసిల్లే స్థితికి వస్తోందన్నమాట. నాలుగడుగులు పరుగెత్తించి, కుంటుతోందేమో చూస్తాడు. తేడా కనిపిస్తే ఆ గుర్రానికి పరుగు అక్కడితో సరి.

మజిలీకీ మజిలీకీ మధ్య ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. రౌతు కిందపడ్డా, గుర్రం దారి తప్పినా, తరవాతి మజిలీలో ఉన్నవాళ్లకు తెలిసేది ఒక్కటే: రావాల్సింది రాలేదని. అందుకే మజిలీల దగ్గర హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపే ఔత్సాహికులు, కూర్చుంటారు. జీతం భత్యం లేని స్వచ్ఛంద సేవ. ముందు రేడియో, చేతిలో పెన్సిలు, ఒళ్లో నంబర్ల పట్టీ. వాళ్ల మధ్య మాటలు ఈ తరహాలో నడుస్తుంటాయి:

"పదిహేడో నంబరు మీ దగ్గరికి వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ. వెనక మజిలీలో అడగండి."

"అక్కడ గంటన్నర కిందటే బయల్దేరిందట."

"పదహారు వచ్చింది, పద్దెనిమిది వచ్చింది. పదిహేడు మాత్రం రాలేదు."

ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లంతా నోరు కట్టుకుని వినాలి. అందరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ. పదుల కొద్దీ గుర్రాలు, ప్రతి మజిలీలో ప్రతి నంబరూ చదవాలి, సరిగా వినపడనివాళ్లకు మళ్లీ చదవాలి. రావాల్సిన గుర్రం రాలేదన్న అసలు కబురు, వచ్చిన గుర్రాల లెక్కల కింద పడి నలిగిపోతుంది.

ఆ ఏడాది అలాంటి ఒక పరుగు కోసం బాబ్ బ్రునింగా ఒక కంప్యూటర్ సిద్ధం చేశారు. కమొడోర్ విక్-20. దాని మెమరీ 5 కిలోబైట్లు. మనం ఫోన్లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. తెర మీద వరసకు 22 అక్షరాలు, మొత్తం 23 వరసలు. ఆ కాస్త జాగాలోనే ఏ గుర్రం ఎక్కడుందో, ఎలా ఉందో రేడియో ద్వారా వచ్చి పడేలా ఆయన ప్రోగ్రామ్ రాశారు. నేడు ప్రపంచమంతటా హామ్‌లు వాడుతున్న ఏపీఆర్ఎస్ అనే రేడియో సమాచార వ్యవస్థకు తొలి రూపాల్లో అదొకటి.

నౌకాదళం నేర్పిన పాఠం

బ్రునింగా అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఇంజినీరు. హామ్ కూడా. ఆయన కాల్ సైన్, అంటే రేడియోలో ఆయన్ను గుర్తుపట్టే పేరు, డబ్ల్యూబీ4ఏపీఆర్. నడిసముద్రంలో ఉన్న ఓడలు తామెక్కడున్నదీ షార్ట్‌వేవ్ రేడియోలో తెలియజేస్తుంటాయి. అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత అని అంకెలు వచ్చిపడతాయి. అంకెలు చదివినంత మాత్రాన ఏ ఓడ ఏ ఓడకు దగ్గరగా ఉందో, దేనికి ఎవరు సాయం వెళ్లగలరో తట్టదు. పటం మీద చుక్క పెడితే చూడగానే తెలుస్తుంది. 1982లో ఆయన యాపిల్-2 కంప్యూటర్ మీద ఆ పనే చేశారు. రేడియోలో వచ్చిన నౌకాదళ స్థానాలను పటం మీదికి ఎక్కించారు.

రెండేళ్లకు గుర్రాల పరుగు వచ్చింది. సముద్రంలో ఓడలకు పనికొచ్చింది అడవిలో గుర్రాలకూ పనికొచ్చింది. ఆ తర్వాత ఆయన దాన్ని విపత్తుల వైపు మళ్లించారు. అమెరికా కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా జరిపిన కసరత్తుల్లో వాడి చూశారు. ఆనక ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌కు మార్చారు.

ఒకరికి కాదు, అందరికీ

అవి ప్యాకెట్ రేడియో రోజులు. కంప్యూటర్‌కూ రేడియోకూ మధ్య టీఎన్‌సీ అనే చిన్న పెట్టె పెడితే, టైపు చేసిన అక్షరాలు గాల్లో ప్రయాణించి అవతలి తెర మీద పడేవి. హామ్‌లు దానితో ఉత్తరాలు రాసుకునేవారు. పద్ధతి చాలా కట్టుదిట్టంగా ఉండేది. ముందు ఇద్దరి మధ్య లంకె కుదరాలి. ఒకరు ఒక ముక్క పంపితే, అందిందని రెండోవారు బదులు పంపాలి. అందకపోతే మళ్లీ పంపాలి. అక్షరం పొల్లుపోకుండా చేరుతుంది. కానీ చేరేది ఒక్కరికే.

తుఫాను వచ్చినప్పుడు, భూకంపం వచ్చినప్పుడు ఆ పద్ధతి ఎందుకు కొరగాదో బ్రునింగాకు అర్థమైంది. అంబులెన్సు ఎక్కడుందో ఆస్పత్రికి తెలియాలి, పోలీసులకు తెలియాలి, దారిలో ఉన్న సహాయ శిబిరానికీ తెలియాలి. ఒకే సమయంలో తెలియాలి. ఒక్కొక్కరితో లంకె కలుపుకుంటూ, బదులు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అంబులెన్సు ఆ చోటు దాటి వెళ్లిపోతుంది.

అందుకని ఆయన లంకెనే తీసేశారు. ఊళ్లో దండోరా వేసినట్టు, చెప్పాల్సింది ఒకసారి గట్టిగా చెప్పడమే. విన్నవాళ్లందరి పటం మీదా చుక్క పడుతుంది. అందిందా అని ఎవర్నీ అడగరు. మరి అందకపోతే? కాసేపటికి మళ్లీ చెబుతారు. కొత్త కబురైతే వెంటనే ఒకసారి, కొద్దిసేపటికి ఇంకోసారి, ఆ తర్వాత వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ పోవాలని ఆయన సూత్రం పెట్టారు. కబురు తాజాగా ఉన్నప్పుడు తరచుగా వినపడుతుంది, పాతబడేకొద్దీ పక్కకు తప్పుకుని ఇతరులకు చోటిస్తుంది. ఒకటి రెండు ముక్కలు గాల్లో కలిసిపోయినా పని ఆగదు.

డ్యాష్‌బోర్డు మీద ఉపగ్రహం మాట

ఇంతవరకూ ఒక లోటు ఉండిపోయింది. గుర్రమైనా, కారైనా, తానెక్కడుందో మనిషి చూసి టైపు చేయాలి. ఆ లోటు తీర్చింది జీపీఎస్.

1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే, తమ సైన్యం కోసం నిర్మిస్తున్న జీపీఎస్‌ను పూర్తయ్యాక పౌరులకూ ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. తానెక్కడున్నదీ తెలియకపోవడం ఎంతమంది ప్రాణాలు తీస్తుందో లోకానికి తెలిసొచ్చిన రోజది.

1990లు మొదలయ్యేసరికి చేతిలో ఇమిడే జీపీఎస్ రిసీవర్లు బజార్లోకి వచ్చాయి. 1992లో అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ నిర్వహించిన కంప్యూటర్ నెట్‌వర్కింగ్ సదస్సులో బ్రునింగా తన వ్యవస్థను లోకం ముందు పెట్టారు. అప్పటికి ఆయన మేరీల్యాండ్ రాష్ట్రం అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో ఉన్నారు.

ఏపీఆర్ఎస్ పెట్టుకున్న కారులో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. డ్యాష్‌బోర్డు మీది జీపీఎస్ రిసీవర్ సెకనుకోసారి తన స్థానాన్ని ఒక వరస అక్షరాలుగా వైరులోకి పంపుతుంది. టీఎన్‌సీ పెట్టె ఆ అక్షరాలను రెండు స్వరాలుగా మారుస్తుంది. ఒకటి 1200 హెర్ట్జ్, రెండోది 2200 హెర్ట్జ్. ఆ స్వరాలు రేడియో గుండా, కారు పైకప్పు మీది యాంటెన్నా గుండా గాల్లోకి వెళ్తాయి. ఉత్తర అమెరికా అంతటికీ ఒకే ఫ్రీక్వెన్సీ, 144.39 మెగాహెర్ట్జ్. స్పీకర్లో వింటే గరగరమని చిన్న చప్పుడు. సెకను కూడా పట్టదు.

ఆ చప్పుడులో ఏముంటుంది? ముందు కాల్ సైన్. దాని పక్కన 9 అంకె ఉంటే కారు, 7 ఉంటే చేత్తో పట్టుకున్న వాకీటాకీ, 8 ఉంటే పడవ అని హామ్‌ల కట్టుబాటు. తర్వాత అక్షాంశ రేఖాంశాలు, నిమిషంలో నూరోవంతు దాకా. అంటే నేల మీద సుమారు 18 మీటర్లు. తర్వాత బొమ్మను సూచించే ఒక్క అక్షరం. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో ‘ఏ’ అంటే అంబులెన్సు, ‘ఎఫ్’ అంటే ఫైరింజన్, ‘కే’ అంటే లారీ. ‘ఈ’ అంటే గుర్రం. ఆపైన వాహనం ఏ దిక్కుకు పోతోందో, ఎంత వేగంతో పోతోందో. వేగం మైళ్లలో కాదు, కిలోమీటర్లలో కాదు, నాట్లలో. హైవే మీద పోయే కారు కూడా ఓడల కొలతలోనే వేగం చెబుతుంది.

కారు పంపే సంకేతం ఎక్కువ దూరం పోదు. లోయలోకి దిగితే అసలే వినపడదు. అందుకని హామ్‌లు కొండల మీద, ఎత్తయిన భవనాల మీద డిజిపీటర్లు పెట్టారు. విన్నదాన్ని విన్నట్టే మళ్లీ పలికే యంత్రాలవి. 1990లు ముగిసేలోపు ఇంటర్నెట్ కూడా తోడైంది. అయితే టవరు, సిమ్ కార్డు, నెలసరి బిల్లు ఏవీ అక్కర్లేకుండానే ఈ గొలుసు నడుస్తుంది. ఇంటర్నెట్ తెగిపోయినా రేడియో భాగం తన పని తాను చేసుకుంటుంది.

2000 మే నెల దాకా అమెరికా సైన్యం పౌరుల జీపీఎస్ సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. చుక్క నిజమైన చోటుకు వంద మీటర్ల దాకా పక్కన పడేది. ఆ కలుపు తీసేశాక చుక్క సరిగ్గా రోడ్డు మీదే నిలిచింది. అదే కాలంలో స్మార్ట్ బీకనింగ్ అనే తెలివైన పద్ధతిని హామ్‌లే కనిపెట్టారు. కారు వేగంగా పోతే తరచుగా, నెమ్మదిగా పోతే అరుదుగా, మలుపు తిరిగితే వెంటనే స్థానం చెబుతుంది. దాంతో తక్కువ సంకేతాలతోనే పటం మీద రోడ్డు వంపులు యథాతథంగా కనిపించసాగాయి.

చుక్కలు ముసురుకున్న వేళ

పేరొచ్చాక చిక్కులూ వచ్చాయి. ప్రతివాడూ తన కారుకు ఒక ట్రాకర్ బిగించుకున్నాడు. కొందరు నిమిషంలో పలుమార్లు స్థానం పంపారు. తమ చుక్క దూరదూరాల తెరల మీద కనిపించాలని, కొండ మీంచి కొండకు ఎన్నో దూకుళ్లు వేయించారు. ఊరంతటికీ కలిపి ఉన్నది సెకనుకు 1200 బిట్ల దారి. అందులో ఎక్కడో వందల మైళ్ల అవతల ఆఫీసుకు పోతున్న కారు చుక్క దూరితే, పక్క వీధిలో ఆపదలో ఉన్నవాడి చుక్కకు చోటుండదు.

2000 దశకం మధ్యలో బ్రునింగా సొంత బిడ్డను దిద్దే పనికి పూనుకున్నారు. సంకేతం ఏ డిజిపీటర్ల గుండా పోవాలో చెప్పే పాత దారి పేర్లు తీసేసి, దూకుళ్ల సంఖ్యకు కళ్లెం వేసే కొత్త పద్ధతిని ప్రతిపాదించారు. ఆయన చేతిలో అధికారమేమీ లేదు. ఒక్కో కొండ మీది యంత్రం ఒక్కో హామ్‌ది, ఎవరిష్టం వారిది. ఓపిగ్గా రాస్తూ, వాదిస్తూ, వివరిస్తూ ఒక్కొక్కరినీ ఒప్పించారు. అమెరికాలో దారి క్రమంగా తెరుచుకుంది.

ఆ రోజుల్లోనే కాదు, జీవితాంతం ఆయన ఒక మాట మీద నిలబడ్డారు. ఏపీఆర్ఎస్ వాహనాల జాడ పట్టే వ్యవస్థ కాదన్నది ఆ మాట. వాహనాల జాడ చూపిస్తూ పేరు తెచ్చుకున్న వ్యవస్థను కన్నవాడే అలా అనడం చాలామందికి మింగుడు పడలేదు. కానీ ఆయన ఉద్దేశం గుర్రాల పరుగు నాటిదే. చుట్టుపక్కల ఏం జరుగుతోందో అక్కడున్న అందరికీ అదే క్షణంలో తెలియాలి. ఏ రోడ్డు తెగింది, ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరు వింటున్నారు, వాన ఎంత పడింది, శిబిరం ఎక్కడ తెరిచారు, ఇవన్నీ పటం మీద ఉండాలి. పటం మీద ఒకరు గుర్తు పెడితే అందరికీ కనపడాలి. కారులో ఉన్నవాడు తన చోటు చెప్పడంతో సరిపోదు, పక్కవాడి చోటూ చూడాలి, పిలిస్తే పలకాలి. తెర లేకుండా చుక్క మాత్రం పంపే పెట్టె ఆయన దృష్టిలో సగం పనే.

నా మట్టుకు నాకు ఈ కథంతటిలో పెద్ద విషయం ఇదే. ఈరోజు మన ఫోన్లు మన జాడను నిమిషనిమిషం పంపుతూనే ఉన్నాయి. అది ఏ కంపెనీ సర్వర్లోనో చేరుతుంది, మన పక్క వీధివాడికి చేరదు. హామ్ రేడియోలో సంకేత భాషతో అర్థాన్ని దాచడం నిషిద్ధం. ఎవరి చోటు వారు సొంత పేరుతో, బాహాటంగా, ఇష్టమైతేనే చెబుతారు. చెప్పదలచుకోనప్పుడు స్విచ్ ఆపేస్తారు.

కొలత టేపుతో ఉపగ్రహం

కొండల మీది డిజిపీటరుకు ఒక హద్దుంది. నడిసముద్రంలో కొండలుండవు. ఎడారిలో హామ్‌లుండరు. అనాపొలిస్‌లో విద్యార్థులను వెంటపెట్టుకుని బ్రునింగా చిన్న ఉపగ్రహం ఒకటి తయారుచేశారు. పేరు పీసీశాట్. దాని యాంటెన్నాలు వడ్రంగులు వాడే స్టీలు కొలత టేపు ముక్కలు. మడిచిపెడితే మడతలో ఉంటాయి, వదిలితే టక్కున నిటారుగా లేస్తాయి. అంతరిక్షంలో యాంటెన్నా విప్పడానికి అంతకంటే చవకైన మార్గం ఇంకేముంటుంది?

2001 సెప్టెంబరు చివర్లో అలాస్కాలోని కోడియాక్ దీవి నుంచి అది నింగికెగిరింది. కింద ఎక్కడో ఒంటరిగా పోతున్న జీపో, పడవో 145.825 మెగాహెర్ట్జ్‌లో తన చోటు చెబితే, పైనున్న పీసీశాట్ విని, తిరిగి పలికేది. బ్యాటరీలు నీరసించాక కూడా, కక్ష్యలో నిరంతరం ఎండ తగిలే రోజులు వచ్చినప్పుడల్లా మేలుకుని పనిచేసింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ అదే ఫ్రీక్వెన్సీలో ఏపీఆర్ఎస్ డిజిపీటర్ పెట్టారు.

శ్రీహరికోట నుంచి

2019 ఏప్రిల్ 1. ఉదయం 9.27. శ్రీహరికోటలో సామాన్య జనం కోసం కొత్తగా తెరిచిన గ్యాలరీలో కూర్చున్నవాళ్ల కళ్ల ముందు పీఎస్ఎల్వీ-సీ45 లేచింది. పత్రికలన్నీ మన ఉపగ్రహం ఎమిశాట్ గురించి, దానితో వెళ్లిన 28 విదేశీ ఉపగ్రహాల గురించి రాశాయి. హామ్‌లు మాత్రం రాకెట్ నాలుగో దశ కోసం ఎదురుచూశారు. ఉపగ్రహాలను దింపాక నాలుగో దశ మామూలుగా చెత్త కింద లెక్క. ఇస్రో ఈసారి దానికి సౌరఫలకాలు అమర్చి, ప్రయోగాలకు వేదికగా మలిచింది.

ఎమిశాట్‌ను 748 కిలోమీటర్ల ఎత్తున, మిగతావాటిని 504 కిలోమీటర్ల ఎత్తున వదిలిపెట్టి, నాలుగో దశ 485 కిలోమీటర్లకు దిగి అక్కడ తిరగసాగింది. దాని మీద మూడు పరికరాలున్నాయి. సముద్రంలో ఓడల జాడ వినే ఇస్రో పరికరం ఒకటి. అయానోమండలాన్ని పరిశీలించేది ఒకటి. మూడోది ఉపగ్రహాల మీద ఆసక్తి ఉన్న హామ్‌ల సంఘం ఆమ్‌శాట్ ఇండియా తయారుచేసిన ఏపీఆర్ఎస్ డిజిపీటర్. ఓడల చుక్కల నుంచి గుర్రాల చుక్కల దాకా బ్రునింగా నడిచిన దారి మొత్తం ఒకే రాకెట్ దశ మీద, మన తీరం నుంచి పైకి వెళ్లింది.

ఆ తీరం సంగతి మనకు తెలియంది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో బయటికి చెప్పే దారే లేకపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు ప్రతి జేబులోనూ సెల్‌ఫోను ఉంది, టవర్లు మాత్రం మూగబోయాయి. 2004 డిసెంబరు 26 సునామీ నాడు అండమాన్‌లో, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో మీదే బయటి లోకానికి కబుర్లు అందించింది. ఆ రోజుల్లో జనం అడిగిన ప్రశ్న ఒక్కటే: మావాళ్లు ఎక్కడున్నారు?

వదిలి వెళ్లిన పని

2022 ఫిబ్రవరి 7న బాబ్ బ్రునింగా కన్నుమూశారు. వయసు 73. ఏపీఆర్ఎస్ ఆగలేదు, ఎందుకంటే అది ఏ ఒక్కరి సర్వర్లోనూ లేదు. లైసెన్సున్న వేలాది మంది ఇళ్లల్లో, కార్లలో, కొండల మీద ఉంది.

మన దేశంలో పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాసి హామ్ లైసెన్సు తెచ్చుకోవచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులున్నాయి. ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు కోస్తా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో, తుఫాను హెచ్చరిక వచ్చిన పూట సహాయ లారీ ఏ గట్టు దగ్గర ఆగిందో, ఏ వంతెన అవతల అంబులెన్సు ఇరుక్కుందో టవర్లతో పనిలేకుండా ఒకరికొకరు చూపించుకోగల మనుషులు ప్రతి తీర మండలంలో ఉండాలి. టవరు కూలిన రోజున వాళ్లను తయారుచేసుకోలేం. యాంటెన్నా ముందే కట్టి ఉండాలి, బ్యాటరీ ముందే ఛార్జయి ఉండాలి, పక్క ఊరి హామ్ గొంతు ముందే పరిచయమై ఉండాలి. కళాశాలల్లో, పాఠశాలల్లో సైన్స్ క్లబ్బులు నడిపే ఉపాధ్యాయులు ఈ ఏడాది పదిమంది పిల్లల చేత ఆ పరీక్ష రాయించినా, బ్రునింగా నలభై ఏళ్లు మోసిన పనిలో కొంత మన భుజానికీ ఎత్తుకున్నవాళ్లమవుతాం.